కూర్చోకముందే పంచిన కుడుములు

సోమవారం నుంచి తన కొడుకు అద్విక్ అంగన్‌వాడీకి పోతున్నాడని లావణ్య ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. దీపం ముందు కూర్చున్నాను గానీ వత్తి వేయడం మరిచాను. బియ్యం కడిగి, పొయ్యి వెలిగించకుండానే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

నిజామాబాద్‌లో మా చెల్లెలి ఇంటి పై వాటాలో ఉంటున్నాను. కింద రోడ్డు మీద ఒకాయన చంటిపిల్లను మోటార్ సైకిల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని పోతున్నాడు. పిల్ల నిద్రపోయింది. తల ముందుకు వాలి ఊగుతోంది. "అన్నా, తల పట్టుకో!" అని పై నుంచి అరిచాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు గానీ పిల్ల తల చూడలేదు.

"రిటైరైనవు గదక్కా, ఇంకెందుకు నీకీ పరేషాను?" అంది మా చెల్లె.

నిజమే. బోధన్ దగ్గరి ఊళ్ళో నేను నడిపిన అంగన్‌వాడీకి ఇప్పుడు సంధ్య అనే అమ్మాయి వచ్చింది. ఒక్కసారే చూశాను. చురుకైన పిల్ల. అద్విక్‌కు మూడేళ్ళు దాటాయి. కూర్చుంటాడు. కానీ వాడి కండరాలు పుట్టుకతోనే వదులు. పిల్లలందరితో పాటు వరుసలో, కింద బండల మీద, సక్లముక్లం, అంటే బాసింపట్టు, వేసి కాసేపు కూర్చోబెడితే వీపు అలిసి ఒక్కసారిగా వెనక్కి పడిపోతాడు. మిగతా పిల్లలు పడేటప్పుడు చెయ్యి ఆనిస్తారు. వీడి చెయ్యి ఆలస్యంగా వస్తుంది. అప్పటికే తల బండకు తగులుతుంది. సంధ్యకు ఫోన్ చేసి ఇదంతా చెబుదామని రెండుమార్లు తీశాను, పెట్టేశాను. దిగిపోయినవాళ్ళు రోజూ ఫోన్లు చేస్తే వచ్చినవాళ్ళు పని ఎలా నేర్చుకుంటారు? లావణ్య వాడి తల్లి. చెప్పాల్సింది ఆమె చెబుతుంది.

అందుకే ఈ మూడు నాలుగు రోజులు మనసు నిలవడానికి ఇది రాస్తున్నాను. సంధ్యలాగా ఈ ఉద్యోగంలోకి వచ్చే ఆడపిల్లల కోసం.

నా చదువు, నా పని

నేను బడి గడప తొక్కలేదు. అమ్మ మంచాన పడితే నా తర్వాత పుట్టినవాళ్ళు నా చంకలోనే పెరిగారు. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్ల తూకం దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని, నన్ను ముందు కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించేవాడు. నా ఒళ్ళో తమ్ముడు, చేతిలో బలపం. తమ్ముడు జారిపోతే నా అక్షరం వంకరపోయేది. "ముందు పోరన్ని సక్కగ పెట్టు, అక్షరం దానంతటదే సక్కగొస్తది" అనేవాడు బాపు. ఇంటి దగ్గరే చదివి పదో తరగతి ప్రైవేటుగా రాశాను. ఆ చదువు మీదే ఈ ఉద్యోగం దొరికింది. బాపుకు, నా ఒళ్ళో పెరిగిన తమ్ముళ్ళకు, అందరికన్నా ముందు ఆ నీలకంఠేశ్వరుడికి నేను రుణపడి ఉన్నాను. సెంటర్ తాళం తీసేటప్పుడు ఒక్క మాట అనుకునేదాన్ని: స్వామీ, ఈ పూట ఏ పిల్లా పడకుండా చూడు. తాళం వేసేటప్పుడు ఇంకో మాట: చూశావు, సంతోషం.

బయటివాళ్ళకు మన ఉద్యోగమంటే గుడ్లు, పాలు, పాటలు. నాకు మాత్రం సగం ఉద్యోగం పిల్లలు ఎలా కూర్చున్నారో చూడడమే. ఎందుకంటే పిల్ల తినేది కూర్చొనే, ఆడేది కూర్చొనే, మింగింది అడ్డం పడేదీ కూర్చున్న తీరు బాగాలేకనే.

ఒకటి గుర్తు పెట్టుకోండి. కూర్చోవడం మనం నేర్పేది కాదు, వాళ్ళకు వచ్చేది. ముందు మెడ నిలుస్తుంది. తర్వాత వీపు, ఆ తర్వాత నడుము. బలం పై నుంచి కిందికి దిగుతుంది. అది దిగకముందే మనం దిండ్లు పెట్టి నిలబెడితే దిండ్లు కూర్చున్నట్టు, పిల్ల కాదు.

మా ఊరి పక్కనే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్ళ క్యాంపు ఉంది. అక్కడ ఒకింట్లో ఏడో నెల పిల్లాడిని చక్రాల వాకర్‌లో వేశారు. "మావాడు అప్పుడే నడిచేస్తున్నాడండీ టీచరు గారూ, చూడండి!" అని తల్లి మురిసిపోయింది. "నడిచేది చక్రాలమ్మా, వాడు కాదు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. మళ్ళీ నేను పోయేసరికి వాకర్ గడప దగ్గర బోల్తా పడి పిల్లాడి నుదురు చిట్లింది. మాట కొంచెం మెత్తగా చెప్పి ఉంటే వినేదేమో అని ఆ రోజంతా బాధపడ్డాను. నిజం చెప్పడం ఒక పని. ఎదుటివాళ్ళు తీసుకునేట్టు చెప్పడం ఇంకో పని. రెండోదే కష్టం.

గంపలో గంగారాం

ఇక అద్విక్ సంగతి. వాడి నాయనమ్మ సత్తెమ్మవ్వకు అద్విక్ అనే పేరు నోరు తిరగదు. చనిపోయిన భర్త పేరు పెట్టి "గంగారాం" అనే పిలుస్తుంది. కొడుకు నరేష్ చెరకు ట్రాక్టర్ తోలుతాడు. కోడలు లావణ్య అప్పుడు నాట్లకు పోయేది. పిల్లవాడు నాయనమ్మ దగ్గర.

మా వైపు పిల్లలు ఒక్కో మెట్టెక్కితే ఒక్కో పిండివంట పంచుతారు. బోర్ల పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు. ఒకరోజు సత్తెమ్మవ్వ స్టీలు డబ్బా నిండా కుడుములు తెచ్చి సెంటర్లో పెట్టింది.

"మా గంగారాం కూసున్నడు టీచరమ్మా. పోరగాండ్లందరికీ పెట్టు."

నాకూ సంతోషమేసింది. నెలలు మీద పడుతున్నా వాడు మెడ సరిగా నిలపడం లేదని నా మనసులో ఒక మూల గుబులు ఉండేది. కూర్చున్నాడంటే మెడ కూడా నిలిచినట్టే కదా. పిల్లలకు పెట్టి, ఒక కుడుము నేనూ తిన్నాను.

వారం తిరిగేసరికి వాళ్ళింటికి పోయాను. ఇంటి ముందు అరుగు మీద వెదురు గంప. దాని నిండా పాత చీరలు, దిండ్లు కూరి, మధ్యలో పిల్లవాడిని నిలువునా దింపారు. చుట్టూ గుడ్డలు బిగపట్టాయి కాబట్టి ఎటూ పడడు. దూరం నుంచి చూస్తే దర్బారు చేస్తున్నట్టే ఉంది. వాడలో పోయేవాళ్ళు కూడా "ఏం పటేలా, కచ్చీరు పెట్టినవా?" అని నవ్వుకుంటూ పోతున్నారు.

నాకు ఆ కూర్చోవడంలో ఏదో తప్పు కనిపించింది. దగ్గరికి పోయాను. గడ్డం ఎదకు ఆని ఉంది. గొంతులో సన్నని గురక. పెదవులు ఎరుపు పోయి నల్లబారుతున్నాయి. రెండు చేతులా గంపలోంచి పైకి తీసి, నా ముంజేతి మీద పడుకోబెట్టి తల వెనక్కి వాల్చాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి ఏడ్చాడు. ఆ ఏడుపంత మంచి శబ్దం నేను మళ్ళీ వినలేదు.

సత్తెమ్మవ్వ పొయ్యి దగ్గర నుంచి ఉరికి వచ్చింది.

"గట్లెట్ల గుంజినవే పోరన్ని? మంచిగ నిద్ర పోయెటోన్ని లేపితివి!"

"నిద్ర కాదవ్వా. ఊపిరాడక సోలిండు. గద్వ పోయి ఎదకు తగుల్తుంది, సూస్తలేవా?"

"నా కొడుకును గూడ గిదే గంపల కూసోబెట్టిన. ఆడు సావలే. ట్రాక్టర్ తోల్తుండు."

"నీ కొడుక్కు మెడ నిలిచినంక కూసోబెట్టినవ్. వీనికి నిలవలే అవ్వా. కూసుంటలేడు వీడు. గంప కూసున్నది."

ఆమె వీధి వైపు చూసింది. ఎదురింటావిడ చీపురు పట్టుకొని నిలబడి ఉంది. సత్తెమ్మవ్వ నా భుజం పట్టి లోపలికి లాగి, గొంతు తగ్గించింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. కుడుములు పంచిన."

ఆ మాటకు నవ్వొచ్చేది గానీ ఆమె కళ్ళు చూసి ఆగిపోయాను. తర్వాత తెలిసింది. ఏదో పెళ్ళిలో చుట్టాలు లావణ్యను పక్కన పెట్టుకొని, "కోడలి పాలల్ల బలం లేదు, అందుకే పోరడు కూసుంటలేడు" అన్నారట. లావణ్య ఇంటికొచ్చి అన్నం తినలేదట. "నా కోడల్ని అన్న నోర్లు మూయాలె" అని సత్తెమ్మవ్వ పిండి తడిపింది. పంచినంక పిల్లవాడు కూర్చోవాలి కదా? అందుకని వీధిలో మనుషులు తిరిగే వేళ గంప బయట పెట్టేది.

చెడ్డ బుద్ధితో పిల్లలకు హాని చేసినవాళ్ళను నేను ఎక్కువ చూడలేదు. ఇలా మంచికోసమే చేసినవాళ్ళనే చూశాను. వాళ్ళతో పోట్లాట పెట్టుకోలేం. అందుకే ఈ ఉద్యోగంలో అలసట.

ఒక్క విషయం మాత్రం ఆమెతో దేవుడి ముందు ఒట్టు పెట్టించుకున్నాను. నిద్రపోతే ఎక్కడున్నా సరే తీసి, వెల్లకిలా, చదునైన చోట పడుకోబెట్టాలి. గంపలో గానీ, సంచి ఉయ్యాలలో గానీ, కూర్చోబెట్టే ఏ సీటులో గానీ నిద్రపోనియ్యకూడదు. మెడ నిలవని పిల్ల తల ముందుకు వాలితే ఊపిరిగొట్టం మడతపడుతుంది. ఏడవడానికి కూడా గాలి ఉండదు. అందుకే పక్కనున్నవాళ్ళకు తెలియదు. "సప్పుడు చేస్తలేడు, మంచిగున్నడు" అనుకుంటారు.

మేడం

మా సూపర్‌వైజర్ మేడం గురించి ఒక మాట చెప్పాలి. ఫోటోల మనిషి. పిల్లలు గోడ వెంట వరుసగా, సక్లముక్లం వేసుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని ఉండాలి.

"టీచర్, ఆ పాపను చూడు. కాళ్ళు రెండూ వెనక్కి మడిచి కప్పలాగ కూర్చుంది. సరిచెయ్యి."

"సరిచేస్తా మేడం. కానీ ఫోటో అయినంక మళ్ళ కదలనిస్తా."

"నీ పిల్లలు ఒక్క నిమిషం కుదురుగా ఉండరేం?"

"ఉంటే దవాఖానకు తీస్కపోవాలె మేడం."

ఆమెకు కోపమొచ్చింది, తర్వాత నవ్వింది. నేను ఇప్పటికీ అదే అంటాను. కాళ్ళు వెనక్కి మడిచి కూర్చోవడం పాపమేమీ కాదు. పొద్దస్తమానం అలాగే కూర్చుంటే తుంటికి, మోకాళ్ళకు మంచిది కాదు. "కాళ్ళు ముందుకు పెట్టు నానా" అని మెల్లగా చెబుతూ మార్పించాలి. సక్లముక్లం కూడా అంతే, ఎంతసేపైనా మంచిదనుకోవద్దు. కాళ్ళు చాపుకోనీ, ఒక పక్కకు పెట్టుకోనీ, మోకాళ్ళ మీద లేవనీ. పిల్ల కదలడం అల్లరి కాదు. వీపు అలిసిందని చెప్పడం. కుర్చీలో కూర్చోబెడితే పాదాలు రెండూ కింద ఆనాలి. ఆనకపోతే ఇటుకో చెక్కో పెట్టండి. కాళ్ళు వేలాడుతుంటే పిల్ల ముందుకు జారుతుంది, ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. తినేటప్పుడు మాత్రం పడుకోబెట్టి పెట్టొద్దు. ఎంత ముద్దుగా ఉన్నా సరే.

ఫోటోల మనిషే గానీ అద్విక్ సంగతి చెప్పగానే ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది: "తల్లి ఎలా ఉంది?" నేను పిల్లవాడి గురించే చెబుతున్నాను. తల్లి గురించి ఆలోచించలేదు. "పిల్లను చూడ్డానికి పోతే ముందు తల్లి ముఖం చూడు టీచర్. మందు వేసేది ఆమె" అంది. నా ఉద్యోగంలో ఎవరు చెప్పిన మాటైనా ఇంత పనికి రాలేదు. జిల్లా దవాఖానకు నన్ను, లావణ్యను, పిల్లవాడిని తన బండిలోనే తీసుకుపోయింది. ఆ రోజు ఆమె నా దృష్టిలో పెద్దదైపోయింది. తర్వాత వారమే మళ్ళీ వరుస గురించి గొడవ పడ్డాం, అది వేరే మాట.

దవాఖానలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ అద్విక్‌ను చాలాసేపు చూసింది. చేతులు పట్టి మెల్లగా లేపింది. తల వెనక్కి వేలాడింది. బోర్లా పడుకోబెట్టింది. ముక్కు ఆనించుకొని ఉన్నాడు. నెత్తి ఎత్తడానికి ఎంత తిప్పలో.

లావణ్య అడిగింది. "ఎప్పుడు కూసుంటడు మేడం?"

"చెప్పలేనమ్మా. కూర్చోవచ్చు. ఆలస్యమవుతుంది. నడక సంగతి ఇప్పుడే చెప్పలేను. ముందు మీరు వాడిని కూర్చోబెట్టడం మానెయ్యండి."

మేం ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. కూర్చోవాలంటే కూర్చోబెట్టకూడదట. ఆమె విడమర్చి చెప్పింది. మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా, మన కళ్ళ ముందు. తల్లి కాళ్ళు చాపి కూర్చొని, పిల్లవాడి వీపు తన ఎదకు ఆనించుకొని, పక్కటెముకల కింద చెయ్యి వేసి పట్టుకోవాలి. వాడి తుంటి ఆమె తొడల మధ్య గట్టిగా ఉండాలి. కొంచెం బలం వచ్చాక చెయ్యి కాస్త కిందికి దించాలి, ఇంకా వచ్చాక ఇంకా కిందికి. చివరికి తుంటి దగ్గర పట్టుకుంటే చాలు. "మీరు గోడ కావాలి. కానీ రోజూ కొంచెం కొంచెం కూలిపోయే గోడ" అంది. మా పని మొత్తం ఆ ఒక్క మాటలో ఉందని నాకు అనిపించింది.

మూసిన తలుపు

దవాఖాన నుంచి వచ్చాక ఇంట్లో పని మొదలైంది. తలుపు మూసి. సత్తెమ్మవ్వ లోపల వాడిని బోర్లా వేసి, ముందర గంట ఆడించి, "నెత్తి లేపు గంగారాం, నీ తాతోలె ఠీవిగ లేపు" అనేది. తలుపు చప్పుడైతే మాత్రం ఎత్తుకొని గంప దగ్గరికి పరుగు. నేను పోయినప్పుడు రెండుసార్లు అలా దొరికింది. నాకు నిద్ర పట్టేది కాదు. ఒక్కసారి, ఒక్కసారి ఆమె ఎవరితోనో మాటల్లో పడి గంప మరిచిపోతే? పనేమీ లేకపోయినా ఆ వాడలోంచే పోయేదాన్ని. "టీచరమ్మకు మా గల్లీల ఏం ముల్లె పెట్టిండ్రో" అని వేళాకోళం చేశారు. చేయనీ అనుకున్నాను. గంప తీసుకుపోయి బావిలో పారేద్దామని కూడా అనుకున్నాను. పారేస్తే తొట్టి వస్తుంది, తొట్టి పోతే డ్రమ్ము వస్తుంది. దాచాలన్న పట్టుదల పోవాలి.

అది నేను పోగొట్టలేదు. లావణ్యే పోగొట్టింది.

నేను అక్కడే ఉన్నాను. ఎదురింటావిడ పాలు అప్పడగడానికి వచ్చింది. సత్తెమ్మవ్వ చప్పున పిల్లవాడిని గంపలో దింపబోయింది. లావణ్య లేచి, అత్త చేతుల్లోంచి కొడుకును తీసుకొని, నేల మీద బొంత పరిచి బోర్లా పడుకోబెట్టింది. అందరి ముందూ.

"అదేందే, కూసున్నడంటిరి గద?" అంది ఎదురింటావిడ.

"లేదు పిన్నీ. మావోడు ఇంక కూసుంటలేడు. నేర్సుకుంటుండు." లావణ్య వాడి చేతులు ఎద కిందికి సర్దింది. "ఆలస్యమైతదన్నరు. నా పాలతోని కాదు, నా తప్పు గాదు అన్నరు."

సత్తెమ్మవ్వ లోపలికి పోయింది. అత్త మాట కోడలు తోసేసిందని పెద్ద గొడవే అవుతుందని నేను లోపల స్వామిని తలుచుకుంటున్నాను. ఆమె పాల గిన్నె పట్టుకొని బయటికి వచ్చింది. ఎదురింటావిడ చేతిలో పెట్టింది.

"అవును, కూసోలేదు. ఉత్తగనే పంచిన. తిన్నవు గద, అరిగినయా?"

"అరిగినయి..."

"అరిగితే నోరు మూస్కో. మావోడు నిజంగ కూసున్ననాడు మళ్ళ చేస్త. అప్పుడొచ్చి తిను."

ఆవిడ నవ్వింది. లావణ్య నవ్వింది. నేను ముఖం తిప్పుకొని కళ్ళు తుడుచుకున్నాను. ఆ సాయంత్రం నుంచి అరుగు మీద గంప లేదు. బొంత ఉంది. వాడలో పోయే ప్రతి మనిషీ ఆగి, "లేపు నెత్తి, లేపు" అనేవాళ్ళు. ఇన్నాళ్ళు ఎవరి కంట పడకూడదని దాచారో వాళ్ళే వాడికి ఆసరా అయ్యారు.

వయసు ఏడాదిన్నర దాటాక వాడు కూర్చున్నాడు. రెండు చేతులు ముందు ఆనించి, కాళ్ళు ఎడంగా చాపి, ముందుకు వంగి. పిల్లలు మొదట కూర్చునేది అలాగే, అది చూసి కంగారు పడొద్దు. సత్తెమ్మవ్వ మాట నిలుపుకొని మళ్ళీ పిండి తడిపింది. నా రిటైర్‌మెంట్ కూడా దగ్గరపడింది. వాడు చేతులు ఎత్తి కూర్చునే దాకా ఉందామనుకున్నాను. ప్రభుత్వానికి నా కోరికతో పని లేదు కదా.

సోమవారం

పోనని చెల్లెకు చెప్పాను. పోయాను.

బోధన్ బస్సు ఎక్కి, దిగి, ఆటో పట్టుకొని సెంటర్ గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. సత్తెమ్మవ్వ కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడి ఉంది. లావణ్య పిల్లవాడిని దింపి పనికి పోయిందట. ఈమె మాత్రం కదల్లేదు.

"అచ్చినవా? నువ్వు రాకుండుంటవా?" అంది నన్ను చూసి.

"బోధన్‌ల పనుండె అవ్వా."

"ఆ, ఉంటది. నాకూ పనే ఉండె."

ఇద్దరం ఒకే చువ్వల్లోంచి చూశాం. పిల్లలు రెండు వరుసలు. అద్విక్ వెనక వరుసలో, గోడకు దూరంగా. సంధ్య ముందు నిలబడి జంతువుల బొమ్మలు చూపిస్తోంది. వాడు సక్లముక్లం వేసుకొని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, బొమ్మ కేసి నోరు తెరుచుకొని చూస్తున్నాడు. వీపు నిటారుగా ఉంది. నాకు గర్వమేసింది. కాసేపటికి భుజాలు కొంచెం వంగాయి. తర్వాత ఇంకొంచెం. నడుము దగ్గర వణుకు మొదలైంది. నాకు తెలుసు ఆ వణుకు. ఇక వెనక్కి పోతాడు.

"పడ్తడే. పోయి పట్టుకోరాదా!" సత్తెమ్మవ్వ నా చెయ్యి గిల్లింది.

నా కాలు గుమ్మం వైపు లేచింది. లేచిన కాలు కింద పెట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు పోయి పట్టుకుంటే ఈ పూట పడడు. రేపు? ఎల్లుండి? నేను నిజామాబాద్‌లో ఉంటాను. స్వామీ, ఆ సంధ్య చూపు వాడి వైపు తిప్పు అనుకున్నాను.

సంధ్య ఏనుగు బొమ్మ పట్టుకొని, "దీని తొండం ఎంత పొడుగుంటది?" అని అడుగుతూనే నడుస్తోంది. ముందు వరుస దాటింది. వెనక వరుసకు వచ్చింది. అద్విక్ వెనక కింద కూర్చొని, కాళ్ళు వాడికి రెండు పక్కలా చాపి, వాడి వీపును తన ఎదకు ఆనించుకుంది. ఒక చెయ్యి వాడి తుంటి మీద. ఇంకో చేత్తో ఏనుగును పైకెత్తింది. పాఠం ఆపలేదు.

"టీచర్, మాకు కనిపిస్తలేదు!" ముందు వరుస గొల్లుమంది.

"కనిపియ్యకుంటే ఇటు తిరుగుండ్రి. నాకెందుకు చెప్తరు?"

పిల్లలు తిరిగారు. ఒకడు పిర్రల మీద జరుగుతూ వచ్చాడు. ఒక పాప మోకాళ్ళ మీద లేచింది. ఒకరి కాళ్ళు ఒకరికి తగిలి గొడవపడ్డారు, సర్దుకున్నారు. వరుస అన్నది లేకుండా పోయింది. అందరూ గుండ్రంగా చేరారు. అందరి ముఖాలూ అద్విక్ వైపే. వాడు ఒకసారి అందరినీ చూసి, చెయ్యి చాపి, ఏనుగు తొండం పట్టుకొని గుంజాడు. బొమ్మ మూల చిరిగింది. "అయ్యో!" అన్నారు పిల్లలంతా, నవ్వుతూ.

సత్తెమ్మవ్వ చువ్వలు వదిలింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇగ పా బిడ్డా. గీడ మనకేం పని?"

ఇద్దరం గేటు దాటాం. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఒక్కసారి చూశాను.